అమెరికాలో సైకాలజీ పీహెచ్‌డీకి అప్లై చేయడం ఎలా: పద్దెనిమిది నెలల పని, వరసగా

"అక్కా, జీఆర్‌ఈలో ఎంత వస్తే క్లినికల్ సైకాలజీలో సీటొస్తుంది?" నాకొచ్చే మెసేజుల్లో సగం ఇవే. ఎంసెట్ రాసి పెరిగినవాళ్లం కదా, ముందు కటాఫ్ గురించే అడుగుతాం. ఈ అడ్మిషన్లకు కటాఫ్ అంటూ లేదు. చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్‌ఈ అడగడమే మానేశాయి.

మొదటిసారి నేను ర్యాంకింగుల జాబితా ముందేసుకుని 12 చోట్ల అప్లై చేశాను. ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. రెండేళ్ల తర్వాత తొమ్మిది చోట్ల చేస్తే నాలుగు ఇంటర్వ్యూలు, రెండు ఆఫర్లు వచ్చాయి. ఈ రెండు ప్రయత్నాల మధ్య ఏం మార్చుకున్నానో కింద వరసగా రాస్తున్నాను. వరస ముఖ్యం. ఐదో పని తేలకుండా ఎనిమిదో పని మొదలుపెడితే మొత్తం తిరగరాసుకోవాలి.

## 1. ముందు ఏ డిగ్రీయో తేల్చుకోండి

థెరపిస్టుగా పనిచేయడమే మీ కోరికైతే పీహెచ్‌డీ అక్కర్లేదు. అమెరికాలో కౌన్సెలింగ్‌లోనో, మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీలోనో, సోషల్ వర్క్‌లోనో రెండు మూడేళ్ల మాస్టర్స్ చేసి, ఆ తర్వాత సీనియర్ల పర్యవేక్షణలో రాష్ట్రం అడిగినన్ని గంటలు పనిచేసి, లైసెన్స్ పరీక్ష పాసైతే లైసెన్స్ వస్తుంది. ఈ సంగతి తెలియక ఆరేళ్ల చదువుకు సిద్ధపడేవాళ్లను చూశాను.

డాక్టరేటే కావాలంటే స్థూలంగా మూడు దారులు.

- క్లినికల్ లేదా కౌన్సెలింగ్ పీహెచ్‌డీ: పరిశోధన, చికిత్స రెండూ ఉంటాయి. మంచి ప్రోగ్రాముల్లో ఫీజు మాఫీ చేసి, టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ కింద స్టైపెండ్ ఇస్తారు. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది.
- సైడీ (PsyD, డాక్టర్ ఆఫ్ సైకాలజీ): చికిత్స వైపు మొగ్గు ఎక్కువ. బ్యాచులు పెద్దవి, సీటు దొరకడం కాస్త సులువు. ఫీజు మాత్రం చాలాచోట్ల మనదే, మొత్తం లక్ష డాలర్లు దాటడం మామూలే. ఎడ్యుకేషన్ లోన్‌కు ఊళ్లో ఇల్లు తాకట్టు పెట్టే ముందు ఆ లెక్క కాగితం మీద వేసుకోండి.
- కాగ్నిటివ్, సోషల్, డెవలప్‌మెంటల్ పీహెచ్‌డీ: పూర్తిగా పరిశోధన. చికిత్స చేసే లైసెన్స్ రాదు, పోటీ మాత్రం క్లినికల్‌తో పోలిస్తే తక్కువ.

మొదటి రెండింట్లో ఏది ఎంచుకున్నా ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) అక్రెడిటేషన్, అంటే గుర్తింపు, ఉందో లేదో చూడండి. అది లేని ప్రోగ్రాంలో చదివితే ఇంటర్న్‌షిప్ దగ్గర, లైసెన్స్ దగ్గర చాలా తలుపులు మూసుకుపోతాయి.

## 2. ఎంపిక ఎవరి చేతుల్లో ఉందో తెలుసుకోండి

క్లినికల్ పీహెచ్‌డీలో ఐదు నుంచి పది సీట్లుంటాయి. పేరున్న చోట వాటికి వందల అప్లికేషన్లు వస్తాయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఆ సీట్లు చాలాచోట్ల ప్రొఫెసర్లవారీగా పంచి ఉంటాయన్నది చాలామందికి తెలియదు. ఒక ప్రొఫెసర్ ఏడాదికి ఒక్క విద్యార్థిని తీసుకుంటారు. ఒక్కో ఏడాది అసలు తీసుకోరు.

అంటే మీ అప్లికేషన్ చదివే మనిషి, రాబోయే ఐదారేళ్లు తన ల్యాబ్‌లో కూర్చోబోయే మనిషి కోసం వెతుకుతున్నారు. డేటా చెడగొట్టకుండా పని చేస్తుందా? రెండో ఏడాది వదిలేసి పోతుందా? నేను అడిగే ప్రశ్నలే ఈ అమ్మాయికీ వస్తున్నాయా? వాళ్ల మనసులో ఉండేవి ఇవి. మీరు పంపే ప్రతి కాగితం వీటిలో ఏదో ఒకదానికి జవాబు కావాలి.

## 3. పరిశోధన అనుభవం: అసలు బరువంతా ఇక్కడే

అప్లై చేయడానికి కనీసం ఏడాదిన్నర ముందే ఈ పని మొదలవ్వాలి. అమెరికన్ విద్యార్థుల్లో చాలామంది డిగ్రీ కాగానే రెండేళ్లు ఏదో ఒక ల్యాబ్‌లో ఫుల్‌టైం రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేసి వస్తారు. మీరు పోటీపడేది వాళ్లతో.

ఇండియాలో ఉంటే: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్, హెల్త్ సైకాలజీ సెంటర్లున్నాయి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉంది. బెంగళూరు నిమ్హాన్స్, గోవాలో సంగత్ అనే మానసిక ఆరోగ్య సంస్థలున్నాయి. నోటిఫికేషన్లలో "ప్రాజెక్ట్ అసిస్టెంట్", "ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్" అన్న పేర్లు వెతకండి. జీతం తక్కువే. ఇంట్లో "ఎమ్మెస్సీ చేసి ఇదేం ఉద్యోగం" అంటారు. వినిపించనట్టు ఉండండి.

అమెరికాలో హెచ్-4 మీద ఉంటే: ఆ వీసా మీద చదువుకోవచ్చు. కాబట్టి దగ్గర్లోని స్టేట్ యూనివర్సిటీలో సైకాలజీ మాస్టర్స్‌లో చేరి, థీసిస్ ద్వారా ల్యాబ్‌లో అడుగుపెట్టడం నికరమైన దారి. జీతం లేకుండా ల్యాబ్‌లో సాయం చేస్తానని మీ అంతట మీరే మొదలుపెట్టకండి. వీసా నిబంధనల ప్రకారం అది ఉద్యోగం కిందకి వస్తుందో రాదో ముందు ఆ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి.

చేరాక ఏం చేశారన్నదే లెక్క. నా మొదటి పని తల్లీబిడ్డల వీడియోలు చూసి, పది సెకన్లకోసారి బిడ్డ చూపు ఎటుందో ఎక్సెల్‌లో రాయడం. దీన్నే కోడ్ చేయడం అంటారు. అవే వీడియోలు ఇంకొకరు కూడా విడిగా కోడ్ చేశారు. ఇద్దరి కోడ్లూ ఎంత కలిశాయో చెప్పే అంకె కప్పా, పూర్తిగా కలిస్తే 1. మాకు 0.52 వచ్చింది, అది చాలదు. కూర్చుని చూస్తే, మాన్యువల్‌లో "చూపు తిప్పుకోవడం" అన్న మాటను ఇద్దరం వేర్వేరుగా అర్థం చేసుకున్నాం. బిడ్డ రెప్ప వేస్తే నేను లెక్కపెట్టాను, ఆవిడ పెట్టలేదు. నిర్వచనం తిరగరాసి ఇంకో 20 వీడియోలు కోడ్ చేస్తే 0.78కి వచ్చింది. తర్వాత నాలుగు ఇంటర్వ్యూల్లో మూడు చోట్ల మాట్లాడింది ఈ రెప్పపాటు గురించే.

తెలుగు వచ్చినవాళ్లకు ఇంకో పని అందుబాటులో ఉంటుంది. ఇంగ్లీషు ప్రశ్నావళిని తెలుగులోకి మార్చడం, ఆ తెలుగును ఇంగ్లీషు మూలం చూడని ఇంకొకరి చేత వెనక్కి మార్పించి సరిపోల్చడం. విసుగు పని అనుకుంటారు. కానీ "డిప్రెషన్" అని అడిగితే తల అడ్డంగా ఊపిన పెద్దావిడ "దిగులుగా ఉంటుందా, ఏ పనీ చేయబుద్ధి కావట్లేదా" అంటే అరగంట చెబుతుంది. ఆ తేడా ఎక్కడొస్తోందో పట్టుకుంటే అదే మీ పరిశోధన ప్రశ్న.

మొదటి రోజు నుంచి ఒక నోటుబుక్కులో రాసుకోండి:

- ప్రాజెక్టు అడిగిన ప్రశ్న, ఒక్క వాక్యంలో
- మీ చేతులతో మీరు చేసిన పని: ఎంతమందిని ఇంటర్వ్యూ చేశారు, ఏ విశ్లేషణ నడిపారు
- ఎక్కడ తప్పు జరిగింది, ఎలా సరిదిద్దారు
- దేంట్లో నేర్పు వచ్చింది: విశ్లేషణకు ఆర్, ఎస్‌పీఎస్‌ఎస్, సర్వేలకు క్వాల్ట్రిక్స్, రెడ్‌క్యాప్, మెదడు తరంగాలకు ఈఈజీ
- పోస్టర్ లేదా పేపర్‌లో మీ పేరు ఎన్నోది

ఇక్కడ జరిగే పొరపాట్లు: పదిహేను రోజుల ఆన్‌లైన్ "ఇంటర్న్‌షిప్" సర్టిఫికెట్లు ఎనిమిది పోగేయడం. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నల్‌లో పేపర్ వేయించుకోవడం. రెండోది మరీ ప్రమాదం. ఆ జర్నళ్ల పేర్లు ప్రొఫెసర్లకు తెలుసు. పేపరు లేకపోయినా ఫరవాలేదు, అలాంటి పేపరు ఉండటం మాత్రం నష్టమే. నేషనల్ అకాడమీ ఆఫ్ సైకాలజీ సదస్సులో ఒక పోస్టర్, అది మీరే విశ్లేషించిన డేటా మీదైతే, ఆ పేపర్లన్నిటికన్నా బరువు.

## 4. మార్కులు, టెస్టులు

ఇది తొందరగా చెప్పేస్తాను.

- స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్, సైకోపాథాలజీ కోర్సులు ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపించాలి. స్టాటిస్టిక్స్‌లో మార్కులు తక్కువైతే ఇంకో కోర్సు చేసి బాగా తెచ్చుకోండి.
- మూడేళ్ల బీఏ, బీఎస్సీని అమెరికా బ్యాచిలర్స్‌తో సమానంగా కొన్ని యూనివర్సిటీలు తీసుకోవు. పైన రెండేళ్ల మాస్టర్స్ ఉంటే ఆ చిక్కు సాధారణంగా తీరుతుంది. డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థ చేసే డిగ్రీ మదింపు అడుగుతారా అని ముందే చూసుకోండి. మన యూనివర్సిటీల నుంచి సీల్డ్ కవర్లు రావడానికి పట్టే టైం మీకు తెలిసిందే.
- జీఆర్‌ఈ గురించి ప్రతి డిపార్ట్‌మెంట్ పేజీలో మూడు మాటల్లో ఒకటుంటుంది: తప్పనిసరి, ఐచ్ఛికం, చూడం. "చూడం" అన్నచోట పంపకండి. మీ జాబితాలో ఒకటి రెండే అడుగుతుంటే వాటిని తీసేయడమే నయం కావచ్చు.
- బీటెక్ నుంచి వస్తున్నవాళ్లు కంగారుపడకండి. కోడ్ రాయడం వచ్చినవాళ్లంటే ల్యాబులకు ఇష్టమే. కానీ సైకాలజీ మాస్టర్సో, రెండేళ్ల ల్యాబ్ పనో మధ్యలో ఉండాలి.

## 5. యూనివర్సిటీలను కాదు, ప్రొఫెసర్లను ఎంచుకోండి

నా మొదటి ప్రయత్నం మునిగింది ఇక్కడే. ఒకచోట నేను స్టేట్‌మెంట్‌లో (ఎందుకు చేరాలనుకుంటున్నామో రాసి పంపే వ్యాసంలో) పేరు రాసిన ప్రొఫెసర్ అంతకుముందు ఏడాదే రిటైరయ్యారు. వెబ్‌సైట్‌లో ఫొటో అలాగే ఉంది.

మే, జూన్ నెలల్లో ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. యూనివర్సిటీకి కాకుండా ప్రొఫెసర్‌కి ఒక వరస.

1. మీకు నచ్చిన పది పేపర్లు తీసుకుని చివరి రచయిత పేరు చూడండి. సాధారణంగా ల్యాబ్ ఆ మనిషిదే.
2. గత మూడేళ్లలో వాళ్లు ఏం రాశారో చూడండి. పదేళ్ల కిందటి పేపర్ చూసి అప్లై చేస్తే, వాళ్లు వదిలేసిన అంశం మీద ఉత్సాహం చూపించినట్టవుతుంది.
3. వచ్చే ఫాల్‌కి (ఆగస్టు, సెప్టెంబర్లలో మొదలయ్యే సెమిస్టర్‌కి) విద్యార్థిని తీసుకుంటున్నారా? చాలామంది ఆగస్టు, సెప్టెంబర్లలో ల్యాబ్ సైట్‌లో పెడతారు.
4. వాళ్ల దగ్గర చదివి బయటికెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు?
5. ఫండింగ్ ఎన్నేళ్లకు, వేసవికి కూడా ఉందా?

ఏపీఏ గుర్తింపున్న ప్రతి ప్రోగ్రామూ అడ్మిషన్లు, ఫలితాల పట్టికను తన సైట్‌లో పెట్టి తీరాలి. చదువు పూర్తవడానికి సగటున ఎన్నేళ్లు, మధ్యలో వదిలేసినవాళ్లు ఎందరు, ఇంటర్న్‌షిప్ దొరికినవాళ్లు ఎందరు అన్నీ అందులో ఉంటాయి. నేను ముందు చూసేది "వదిలేసినవాళ్లు" గడి. చిన్న బ్యాచుల్లో ఏటా ఒకరిద్దరు వెళ్లిపోతుంటే ఎందుకో కనుక్కోవాలి.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చేవాళ్లు అదనంగా చూడాల్సినవి: పరిశోధనకు డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థలు ఎన్‌ఐహెచ్, ఎన్‌ఎస్‌ఎఫ్. వాటిలో ఎన్‌ఐహెచ్ ట్రైనింగ్ గ్రాంట్లు, ఎన్‌ఎస్‌ఎఫ్ ఫెలోషిప్ అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. ల్యాబ్ మొత్తం ట్రైనింగ్ గ్రాంట్ మీద నడుస్తుంటే మీకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అడగాలి. అలాగే వెటరన్స్ అఫైర్స్ (మాజీ సైనికుల) ఆసుపత్రుల్లో ఇంటర్న్‌షిప్‌కి పౌరసత్వం తప్పనిసరి. క్లినికల్ ఇంటర్న్‌షిప్పుల్లో వాటి వాటా పెద్దది కాబట్టి, ఆ ప్రోగ్రాంలో చదివిన విదేశీ విద్యార్థులు చివరి ఏడాది ఎక్కడ చేశారో కనుక్కోండి.

2025లో ఫెడరల్ నిధుల కోతల తర్వాత కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. అందుకే నిరుటి సమాచారాన్ని నమ్మకుండా, ఈ ఏడాది తీసుకుంటున్నారో లేదో విడిగా చూడండి.

జాబితా 10 నుంచి 15 మధ్య చాలు. ఒక్కో అప్లికేషన్ ఫీజు సుమారు 75 నుంచి 125 డాలర్లు.

## 6. ప్రొఫెసర్‌కి మొదటి ఈమెయిల్

ఆగస్టు చివరి నుంచి సెప్టెంబర్ మధ్యలోపు పంపండి. ఐదారు వాక్యాలు మించకూడదు. ఇంగ్లీషులో రాయాల్సిందే, కానీ వరస ఇది:

- సబ్జెక్ట్ లైన్‌లోనే ప్రశ్న: వచ్చే ఫాల్‌కి కొత్త విద్యార్థిని తీసుకుంటున్నారా?
- మీరెవరు, ఇప్పుడు ఏ ప్రాజెక్టులో ఏం చేస్తున్నారు. ఒక్క వాక్యం.
- వాళ్ల ఫలానా పేపర్‌లో ఏ ఒక్క విషయం మీ పనికి తగిలింది. రెండు వాక్యాలు.
- తీసుకుంటున్నారా అన్న ప్రశ్న మళ్లీ.
- సీవీ జతచేశానని ఒక మాట.

"రెస్పెక్టెడ్ సర్/మేడమ్" వద్దు. డాక్టర్ ఫలానా అని ఇంటిపేరుతో మొదలుపెట్టండి. "మీ విలువైన మార్గదర్శకత్వంలో" అన్న ధోరణి కూడా వద్దు. మన దగ్గర అది మర్యాద, అక్కడ యాభైమందికి ఒకేసారి పంపిన ఉత్తరంలా కనిపిస్తుంది.

జవాబు రాకపోతే రెండు వారాలకు ఒక్కసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే కోపం తెచ్చుకోకండి. కొందరు ఎవరికీ జవాబివ్వరు, వాళ్ల దగ్గర అప్లై చేయవచ్చు. "ఈసారి తీసుకోవడం లేదు" అంటే మాత్రం కృతజ్ఞత చెప్పి ఆ వరస కొట్టేయండి.

## 7. రికమండేషన్ లెటర్లు

సాధారణంగా మూడు కావాలి. మన దగ్గర ఈ తంతు ఎలా నడుస్తుందో తెలిసిందే: "అమ్మా, నువ్వే రాసి పట్టుకురా, సంతకం పెడతాను." మూడు లెటర్లూ ఒకే చేతితో రాసినట్టుంటే చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. పైగా మీ గురించి మీరు రాసుకున్నప్పుడు "కష్టపడి పనిచేస్తుంది, క్రమశిక్షణ గలది" దాటి వెళ్లలేరు.

సారును నొప్పించకుండా తప్పించుకునే దారి ఒకటుంది. లెటరు బదులు రెండు పేజీల కాగితం తీసుకెళ్లండి. ఆయన దగ్గర మీరు చేసిన పని, తేదీలు, ఆయన మెచ్చుకున్న లేదా దిద్దిన సందర్భాలు రెండు, అప్లై చేస్తున్న ప్రోగ్రాములు, గడువులు. "సార్, మీకు గుర్తు రావడానికి రాసుకొచ్చాను" అనండి. చాలామంది దాన్ని చూసి తామే రాస్తారు.

- కనీసం ఇద్దరు మీ పరిశోధన పనిని దగ్గర నుంచి చూసినవాళ్లై ఉండాలి.
- హెచ్‌ఓడీ అన్న హోదా చూసి వెళ్లకండి. మీతో రోజూ పనిచేసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మేలు.
- లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నారా అని ఫారంలో అడుగుతారు. వదులుకోండి, లేదంటే లెటర్‌కి విలువ తగ్గుతుంది.
- అక్టోబర్ మొదట్లో అడగండి, గడువుకు పది రోజుల ముందు గుర్తు చేయండి.
- సంస్థ ఈమెయిల్ ఐడీ ఉంటే అదే ఇమ్మనండి. జీమెయిల్ చూస్తే కొన్నిచోట్ల అనుమానపడతారు.

## 8. స్టేట్‌మెంట్

2006లో డ్రూ ఆపిల్‌బీ, కరెన్ ఆపిల్‌బీ అడ్మిషన్ కమిటీల ఛైర్మన్లను అడిగి, అప్లికేషన్లను ముంచే తప్పుల మీద ఒక వ్యాసం ప్రచురించారు. సొంత మానసిక సమస్యలను ఏకరువు పెట్టడం, "మనుషులకు సాయం చేయాలనుంది" అని పదేపదే రాయడం, ప్రోగ్రాం గురించి తెలుసుకోకుండా రాయడం అందులో ఉన్నాయి.

ఈ మొదటిదే మనవాళ్లలో ఎక్కువ చూస్తున్నాను. ఇంట్లో ఒకరి ఆత్మహత్య, తన డిప్రెషన్, అక్కడి నుంచి సైకాలజీ మీద ఆసక్తి. ఆ అనుభవం నిజం, దాని బరువూ నిజం. కానీ చదివేవాళ్లు వెతుకుతున్నది పరిశోధకురాలి కోసం. తప్పనిసరనుకుంటే ఒక్క వాక్యంలో చెప్పి ప్రశ్న వైపు వెళ్లిపోండి.

నా మొదటి ఏడాది పేరా సారాంశం ఇది:

> చిన్నప్పటి నుంచి మనుషుల మనసులు నన్ను ఆకర్షించాయి. పిల్లల అభివృద్ధి మీద నాకు ఎనలేని ఆసక్తి. ప్రస్తుతం ఒక ల్యాబ్‌లో పనిచేస్తూ ఎంతో నేర్చుకుంటున్నాను.

రెండోసారి రాసింది:

> తల్లి ముఖం నిశ్చలమైనప్పుడు బిడ్డ చూపు ఎటు పోతుందో కోడ్ చేస్తున్నాం. ఇద్దరు కోడర్ల మధ్య కప్పా 0.52 దగ్గర ఆగింది. రెప్పపాటును చూపు తిప్పుకోవడంగా లెక్కపెట్టాలా అన్నదే తేడా. నిర్వచనం మార్చాక 0.78 వచ్చింది, కానీ నాకో ప్రశ్న మిగిలింది: ఆ రెప్పపాటు కూడా బిడ్డ తనను తాను సముదాయించుకోవడంలో భాగమైతే?

చివరి ప్రశ్న దగ్గర నుంచి ఆ ప్రొఫెసర్ పనిలోకి వెళ్లడం సులువు. ప్రతి చోటికీ ఈ ఆఖరి పేరా కొత్తగా రాయాలి. పేరు మార్చి అతికిస్తే, ఎక్కడో ఒకచోట పాత యూనివర్సిటీ పేరు మిగిలిపోతుంది. నాకు మిగిలింది.

పంపే ముందు:

- మొదటి పేరాలో మీ పరిశోధన ప్రశ్న ఉందా?
- మీరు చేసిన పనికి, ల్యాబ్ చేసిన పనికి తేడా తెలుస్తోందా?
- ప్రొఫెసర్ పేరు, స్పెల్లింగ్, ప్రోగ్రాం పేరు సరిచూశారా?
- సీవీలోని తేదీలు, స్టేట్‌మెంట్‌లోని తేదీలు కలుస్తున్నాయా?
- గడువు ఏ టైం జోన్‌లో? క్లినికల్‌కి చాలాచోట్ల డిసెంబర్ 1.

## 9. ఇంటర్వ్యూ

జనవరి, ఫిబ్రవరిల్లో ఉంటాయి. ఇండియా నుంచి జూమ్‌లో అయితే అర్ధరాత్రి దాటాక కూర్చోవాల్సి రావచ్చు. ఇన్వర్టర్ చూసుకోండి.

ప్రొఫెసర్‌తో అరగంట సాగుతుంది. మీ పని మీద లోతుగా అడుగుతారు. "ఆ ఫలితాన్ని వేరే రకంగా ఎలా వివరిస్తావు?" అనడిగితే అది దాడి కాదు, ల్యాబ్ మీటింగ్‌లో మాట్లాడే తీరు. ఆలోచించి "ఇలా కూడా కావచ్చు, అయితే ఈ డేటాతో తేల్చలేం" అనవచ్చు. మనకు పెద్దవాళ్లతో విభేదించడం మొహమాటం. ఇక్కడ అన్నిటికీ తలూపితే ఆలోచన లేదనుకుంటారు.

సీనియర్ విద్యార్థులతో మాటలు కూడా ఇంటర్వ్యూయే. వాళ్లను అడగాల్సినవి: ప్రొఫెసర్ డ్రాఫ్ట్ ఎన్ని రోజుల్లో చూస్తారు, స్టైపెండ్‌తో అద్దె గడుస్తుందా, వేసవిలో ఏం చేస్తారు. జవాబు చెప్పే ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే గుర్తుపెట్టుకోండి.

## 10. ఆఫర్, వెయిటింగ్ లిస్ట్, లేదా ఏమీ రాకపోవడం

ఫండింగ్‌తో వచ్చిన ఆఫర్‌కి జవాబివ్వడానికి ఏప్రిల్ 15 దాకా సమయం ఉంటుంది. ఆ గడువు పాటిస్తామన్న ఒప్పందం మీద చాలా యూనివర్సిటీలు సంతకం చేశాయి. ముందే చెప్పమని ఒత్తిడి వస్తే ఆ తేదీని మర్యాదగా గుర్తు చేయండి. అలాగని వెళ్లని ఆఫర్లను పట్టుకుని కూర్చోవద్దు. మీరు వదిలిన గంటలో వెయిటింగ్ లిస్ట్‌లో ఇంకొకరికి ఫోన్ వెళుతుంది.

ఏమీ రాకపోతే ఎక్కడ ఆగిపోయిందో చూసి అక్కడ మరమ్మతు చేయండి.

- ఇంటర్వ్యూలే రాలేదా? జాబితా, పరిశోధన అనుభవం, స్టేట్‌మెంట్. ఈ మూడింటిలోనే ఉంటుంది లోపం. ఐదో అంకె నుంచి మళ్లీ మొదలుపెట్టండి.
- ఇంటర్వ్యూలు వచ్చి ఆఫర్ రాలేదా? కాగితాలు బాగున్నాయి. మీ ప్రాజెక్టును ఐదు నిమిషాల్లో, సైకాలజీ తెలియని మనిషికి చెప్పడం సాధన చేయండి. నేను మా అత్తయ్యకు చెప్పి చూశాను. "బిడ్డ రెప్ప వేస్తే డబ్బులిచ్చి లెక్కపెడతారా?" అంది. అక్కడి నుంచి రెప్ప ఎందుకు ముఖ్యమో ముందు చెప్పడం మొదలుపెట్టాను.
- వెయిటింగ్ లిస్టా? మార్చి చివర్లో ఒక చిన్న ఈమెయిల్: ఇంకా ఆసక్తి ఉంది, ఈలోగా ఫలానా పోస్టర్ ఆమోదం పొందింది. అంతే, వారం వారం రాయకండి.
- అన్నిచోట్లా కాదన్నారా? ఇంటర్వ్యూ చేసిన లేదా మీరు అప్లై చేసిన ప్రొఫెసర్లలో ఒకరిద్దరిని, ఏప్రిల్ 15 దాటాక, అప్లికేషన్‌లో ఏది తగ్గిందో అడగండి. మొదటి ఏడాది ఇంటర్వ్యూ రాకపోయినా నేను అడిగిన ఇద్దరిలో ఒకరు రెండు వాక్యాల్లో జవాబిచ్చారు: "నీకు ప్రశ్న ఉంది. కానీ డేటా నువ్వు ముట్టుకున్నట్టు ఎక్కడా కనిపించలేదు." ఆ మెయిల్ ప్రింట్ తీసి, మర్నాడు ల్యాబ్‌లో వీడియోలు కోడ్ చేసే పనికి పేరిచ్చాను.